మళ్ళీ జర్దోసి పట్టించిన లెన్స్

స్క్లీరల్ లెన్సులు, అంటే కంటి తెల్లగుడ్డు మీద కూర్చునే పెద్ద కాంటాక్ట్ లెన్సులు, పెట్టుకోవడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. కొనేముందు తెలుగులో ఎంత వెతికినా వాటిని వాడిన మనిషి రాసింది నాకు ఒక్కటీ దొరకలేదు. డాక్టర్లు చెప్పే వీడియోలు ఉన్నాయి. కానీ పొద్దున లేచి దాన్ని కంట్లో పెట్టుకుని, రోజంతా పని చేసుకుని, రాత్రి తీసి కడిగే మనిషికి ఎదురయ్యేవి వేరే ఉంటాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది మూసాపేట. పదమూడేళ్ళుగా మగ్గం వర్క్ చేస్తున్నాను. మెట్రో స్టేషన్ వెనక సందులో చిన్న షాపు, రెండు మగ్గాలు, నాతో పాటు ఇద్దరమ్మాయిలు. ఈ పనిలో బట్ట కింద దారం అందించే చేతికి చూపు అక్కర్లేదు, అలవాటు చాలు. పైన ఆరి సూది దింపే చేతికి మాత్రం కన్ను కావాలి. సూది ఒక్క పోగు అటో ఇటో దిగితే మామిడిపిందె వంపు వంకర పోతుంది. పట్టు బట్ట మీద తప్పు కుట్టు విప్పితే చిల్లు కనపడుతూనే ఉంటుంది.

నాకు రెండు కళ్ళకీ కెరటోకోనస్ ఉంది. మన కంటి నల్లగుడ్డు మీద గాజులా ఉండే పారదర్శకమైన పొరే కార్నియా. స్కూల్లో శుక్లపటలం అని చదువుకున్నాం. దాని మందం మామూలుగా అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. కెరటోకోనస్‌లో అది పల్చబడి, లోపలి ఒత్తిడికి ముందుకు ఉబ్బి, గుండ్రంగా ఉండాల్సింది శంకువులా మొన తేలుతుంది. ఎక్కువగా టీనేజీలో మొదలై ముప్పైలు దాటేదాకా పెరుగుతూ ఉంటుందట. నాకు చిన్నప్పటి నుంచి ఎండాకాలం వస్తే కళ్ళు దురద. పిడికిలి మడిచి, వేళ్ళ కణుపులతో గట్టిగా నలుపుకునేదాన్ని. నలుపుతుంటే హాయిగా ఉండేది కూడా. అలా నలపడమే ఈ జబ్బును పెంచుతుందని ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు.

అంతకు ముందు రెండేళ్ళలో నాలుగు కళ్ళజోళ్ళు మార్చాను. ఒక ఆప్టికల్ షాపులో వెళ్ళినప్పుడల్లా "సిలిండర్ పెరిగింది మేడమ్" అని, అంటే కంటి వంపు తేడాకి ఇచ్చే పవర్ పెరిగిందని, కొత్త అద్దాలు రాసేవారు. పెట్టుకున్న వారం బాగానే ఉన్నట్టు ఉండేది, తర్వాత మళ్ళీ మామూలే. రాత్రిపూట భరత్‌నగర్ బ్రిడ్జి మీద వచ్చే బండ్ల లైట్లకి ఒక్కోదానికి ఒక్కో తోక కనపడేది. ఒక పౌర్ణమికి డాబా ఎక్కి చూస్తే ఒక్క చంద్రుడి మీద ఇంకో నాలుగు ఎక్కి కూర్చున్నాయి. మా ఆయనని పిలిచి "మీకెన్ని కనపడుతున్నాయి?" అని అడిగితే ఆయన నా మొహం చూశారు. ఆ మర్నాడే పెద్ద కంటాసుపత్రికి వెళ్ళాం. అక్కడ గడ్డం ఆనించి, వెలుగుతో కార్నియా పటం తీశారు. రంగుల మ్యాపులో కింది వైపు, ఉబ్బిన చోట, ఎర్రటి ముద్ద. మందం కుడి కంట్లో 460 మైక్రాన్లు, ఎడమ కంట్లో 438 (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు). అద్దాలు ఎన్నిసార్లు మార్చినా లాభం లేకపోవడానికి కారణం ఆ మ్యాపులోనే ఉంది. అద్దం సాఫీగా వంగిన కంటిని సరిచేయగలదు కానీ, గుంటలూ గుట్టలూ ఉన్న కంటిని సరిచేయలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లెన్స్ కొనాలనుకునే వాళ్ళు దీన్ని దాటెయ్యొద్దు. లెన్స్ జబ్బుని ఆపదు. ఆపేది సీ-త్రీ-ఆర్ అనే చికిత్స. జర్మనీలో డ్రెస్డెన్ డాక్టర్లు 1990లలో కనిపెట్టారు. కంట్లో మత్తు చుక్కలు వేసి, కార్నియా మీది సన్నటి పై పొర తీసి, రైబోఫ్లేవిన్ అనే విటమిన్ పసుపు చుక్కలు అరగంట సేపు వేస్తూ ఉంటారు. తర్వాత ఇంకో అరగంట అల్ట్రావయొలెట్ వెలుగు పెడతారు. దాంతో కార్నియా లోపలి పోగులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడతాయి. నేను దాన్ని వదులుగా ఉన్న బట్టకి పికో కొట్టించడంలా అర్థం చేసుకున్నాను. పొర మరీ పల్చబడితే ఈ మామూలు పద్ధతి కుదరదు, 400 మైక్రాన్లయినా ఉండాలి. నా ఎడమ కన్ను గట్టుకి దగ్గరలోనే ఉంది. డాక్టరమ్మ ముందే చెప్పారు, "ఇది చూపు పెంచే ఆపరేషన్ కాదమ్మా, ఉన్నది పోకుండా ఆపేది" అని. మూడు రోజులు కళ్ళు మండి, నీళ్ళు కారి, చీకటి గదిలో పడుకున్నాను. అయిదో రోజు కంటి మీద పెట్టిన బ్యాండేజ్ లెన్స్ తీశారు. రెండు కళ్ళకీ నెల తేడాతో చేశారు. ఆ తర్వాత ఏటా తీసిన మ్యాపుల్లో అంకెలు కదలలేదు. జబ్బు ఆగింది. నేను కుట్టలేకపోవడం మాత్రం ఆగలేదు.

మొదట ఇచ్చింది గట్టి రకం చిన్న లెన్స్, ఆర్‌జీపీ అంటారు. అది కార్నియా మీదే కూర్చుంటుంది, దాదాపు పెద్ద చమ్కీ అంత ఉంటుంది. చూపు నిజంగా బాగా వచ్చింది. కానీ కూకట్‌పల్లి రోడ్డు మీద స్కూటీ నడిపితే దుమ్ము రేణువు దాని కిందికి దూరి, కన్ను తెరవలేక బండి పక్కకి ఆపాల్సి వచ్చేది. ఒకరోజు మధ్యాహ్నం రెప్ప గట్టిగా కొట్టేసరికి ఎడమ లెన్స్ ఎగిరి మగ్గం మీద పడింది. ఆ మగ్గం మీద మర్నాడు ఇవ్వాల్సిన పెళ్ళి బ్లౌజు ఉంది, చుట్టూ కట్‌దానా, ముత్యాలు, పారదర్శకంగా ఉండే చమ్కీలు. అమ్మాయిలిద్దరూ నేనూ ఫ్యాన్ ఆపి, ఫోన్ టార్చి వేసి, గంటసేపు ఒక్కో గింజా పక్కకి జరిపి వెతికాం. చివరికి చమ్కీల గిన్నెలోనే దొరికింది. మధ్యలో చిల్లు లేని చమ్కీ అదొక్కటే, దాన్నిబట్టి పట్టుకుంది మా చిన్నమ్మాయి. అంచు పగిలింది. ఆ రాత్రంతా ఒక కంటితో కుట్టి పొద్దున బ్లౌజు ఇచ్చాను.

ఆ లెన్స్ చూపించడానికి వెళ్ళినప్పుడే స్క్లీరల్ మాట వచ్చింది.

ఇది ఆర్‌జీపీ కంటే చాలా పెద్దది. నాది 16.5 మిల్లీమీటర్లు, పాత పావలా బిళ్ళ కంటే కాస్త చిన్నది. అరచేతిలో పెట్టినప్పుడు "ఇంత పెద్దది కంట్లోకా!" అని భయం వేసింది. కానీ దీని కిటుకంతా ఆ పెద్దతనంలోనే ఉంది. ఇది కార్నియాని ముట్టుకోదు. దాని అంచు కంటి తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది, కార్నియా మీద గొడుగులా నిలబడుతుంది. మధ్య ఖాళీలో సెలైన్ నీళ్ళు ఉంటాయి. గతుకుల కార్నియాని ఆ నీళ్ళు కప్పేస్తాయి, చూపుకి పైనున్న నున్నటి లెన్సే దిక్కు అవుతుంది. మొట్టమొదటి కాంటాక్ట్ లెన్సులు ఇలాంటి పెద్దవేనట. 1888లో అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ డాక్టర్ గాజుతో చేశాడు. గాజు గాలి ఆడనివ్వదు కాబట్టి కన్ను ఎక్కువసేపు తట్టుకునేది కాదు. ఇప్పుడు వాడే పదార్థం ఆక్సిజన్‌ని లోపలికి వదులుతుంది.

కొలతలకి మూడుసార్లు తిరిగాను. చెప్పులు కొన్నట్టు సైజు చెప్పి తెచ్చుకునే వస్తువు కాదిది. ట్రయల్ లెన్స్ పెట్టి, పచ్చటి రంగు చుక్క వేసి, కార్నియాకీ లెన్స్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూస్తారు. అది పెట్టుకుని రెండు మూడు గంటలు కూర్చోమంటారు, ఎందుకంటే లెన్స్ మెల్లగా కిందికి దిగి సర్దుకుంటుంది. అప్పుడు మళ్ళీ చూస్తారు. అంచు ఎక్కడైనా తెల్లగుడ్డులోని రక్తనాళాన్ని నొక్కుతోందా అని కూడా చూస్తారు. ఎవరైనా పావుగంటలో కొలత తీసి పంపేస్తామంటే నేనైతే నమ్మను.

నాకు కొలతలు తీసినమ్మాయి మొదటి రోజే, "అక్కా, మీరు బట్టని ఎంత దూరంలో పెట్టుకుని కుడతారో చూడాలి, వచ్చేటప్పుడు ఏదైనా కుట్టు ముక్క తెచ్చుకోండి" అంది. రెండోసారి చిన్న పట్టు ముక్క, జరీ దారం పట్టుకెళ్ళాను. ట్రయల్ లెన్స్ పెట్టి, సర్దుకున్నాక, కిటికీ దగ్గర కూర్చుని దారం చేతిలోకి తీసుకున్నాను. జరీ అంటే లోపల పోగు, దాని చుట్టూ చుట్టిన సన్నటి మెరుపు రేకు. నాలుగేళ్ళుగా లెన్స్ లేకుండా చూస్తే నాకు జరీ అంటే ఒక మెరిసే గీత, అంతే. ఆ రోజు ఆ రేకు చుట్టు ఒక్కోటీ విడివిడిగా కనపడింది, ఒక చోట చుట్టు వదులై లోపలి పసుపు పోగు బయటపడటం కూడా కనపడింది. ఆ ముక్కని ఇప్పటికీ నా లెన్స్ డబ్బా ఉన్న పెట్టెలోనే పెట్టుకున్నాను.

ఇక రోజూ చేసే పని. పొద్దున ఆరున్నరకి సబ్బుతో చేతులు కడిగి, పోగులు ఊడని బట్టతో పూర్తిగా తుడుచుకుంటాను. టేబుల్ మీద శుభ్రమైన టవల్, దాని మీద అద్దం పడుకోబెట్టి ఉంటుంది. లెన్స్‌ని పట్టుకునే చిన్న రబ్బరు ప్లంజర్ కొనకి లెన్స్ ఆనించి, గిన్నెలో పోసినట్టు అంచుదాకా సెలైన్ నింపుతాను. మొహం నేలకి సమానంగా వంచి, పై రెప్పని ఒక చేత్తో, కింది రెప్పని ఇంకో చేతి వేలితో లాగి పట్టుకుని, లెన్స్‌ని కంటికి తీసుకురావాలి. కంటిని లెన్స్ దగ్గరికి దించుతున్నట్టు అనుకుంటే సులువు. చల్లగా నీళ్ళు తగిలి, టవల్ మీద రెండు చుక్కలు పడి, అది కూర్చుంటుంది. అప్పుడు అద్దంలో గాలిబుడగ ఉందేమో చూడాలి. ఉంటే తీసి మళ్ళీ మొదటి నుంచి. మొదటి వారం ఒక్కో కంటికి నలభై నిమిషాలు పట్టింది, రెండు రోజులు ఏడ్చాను కూడా. ఇప్పుడు రెండింటికీ కలిపి ఆరు నిమిషాలు. మొదటి వారంలో విసుగొచ్చి మానేద్దామనుకునే వాళ్ళు ఇంకో పది రోజులు పట్టు వదలకండి, చెయ్యి తిరుగుతుంది.

తీసేటప్పుడు ప్లంజర్‌ని లెన్స్ మధ్యలో పెట్టి లాగకూడదు. అంచు దగ్గర పెట్టి వంచితే లోపలికి గాలి వెళ్ళి వదులుతుంది. ఇది నాకు మూడుసార్లు చెప్పి చేయించి చూపించాకే ఇంటికి పంపారు.

నీళ్ళ సంగతి మాత్రం రాజీ లేదు. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, కాచి చల్లార్చినవీ, ఫిల్టర్ నీళ్ళూ ఏవీ లెన్స్‌కి తగలకూడదు. నీళ్ళలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి బతుకుతుంది, లెన్స్‌తో కంట్లోకి వెళ్ళిందంటే కార్నియాకి పట్టే ఇన్ఫెక్షన్ నెలల తరబడి తగ్గదు. నింపడానికి ప్రిజర్వేటివ్ లేని సెలైనే వాడాలి, ఎందుకంటే ఆ నీళ్ళు రోజంతా కార్నియాకి అంటుకునే ఉంటాయి, మందు కలిసి ఉంటే కన్ను కందిపోతుంది. రాత్రి నానబెట్టడానికి మాత్రం సెలైన్ పనికిరాదు, అది క్రిములని చంపదు. దానికి వేరే సొల్యూషన్ ఉంది.

నచ్చని విషయాలు కూడా ఉన్నాయి. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి చూపు ముందు పాలు కలిపినట్టు మసక వస్తుంది. లెన్స్ కింద నీళ్ళలో కంటి మడ్డి చేరడం వల్ల. తీసి, కొత్త సెలైన్ పోసి పెట్టుకుంటే పోతుంది, కానీ షాపులో కస్టమర్ కూర్చుని ఉండగా అది చేయడం కష్టం. షాపు వెనక చిన్న అర ఒకటి దానికోసమే శుభ్రంగా ఉంచుకున్నాను. ఎండాకాలం ఏసీలో కూర్చుంటే మసక ఇంకా త్వరగా వస్తుంది. మధ్యాహ్నం కునుకు తీయాలంటే తీసే పడుకోవాలి. పెళ్ళిళ్ళ సీజన్‌లో పద్నాలుగు గంటలు ఉంచుకున్న రోజుల్లో రాత్రికి తెల్లగుడ్డు మీద ఎర్రటి వలయం పడింది. డాక్టరమ్మ కోప్పడ్డారు. ఇప్పుడు పదిగంటలు దాటనివ్వను.

ఖర్చు గట్టిదే. నాకు ఒక్కో కంటికి 35,000 రూపాయలు పడింది. రెండు కళ్ళకీ కలిపి మా ఆయన బండి అమ్మిన డబ్బులు, నా చీటీ డబ్బులు పెట్టాం. ఊరంతా ఒకే రేటు ఉండదు, అడిగి చూసుకోండి. సెలైన్, సొల్యూషన్ కలిపి నెలకి దాదాపు 1,500 అవుతోంది. లెన్స్ జీవితాంతం రాదు, రెండు మూడేళ్ళకి మార్చాలన్నారు. అందుకని రోజూ ఒక బ్లౌజు మీద వచ్చే దాంట్లో యాభై రూపాయలు వేరే డబ్బాలో వేస్తున్నాను. డబ్బు సాయం లేని వాళ్ళకి ఈ ధర చాలా ఎక్కువ, ఇది తగ్గాలని నేను మనసారా కోరుకుంటున్నాను. మా పనిలోనే నాకు తెలిసి కళ్ళు చికిలించి కుట్టే వాళ్ళు చాలామంది ఉన్నారు.

ఎక్కడ చూపించుకోవాలని అడిగేవాళ్ళకి. బంజారాహిల్స్‌లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టిన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కార్నియాకి ప్రత్యేక విభాగం, కంటి బ్యాంకు ఉన్నాయి, డబ్బు కట్టలేని వాళ్ళని ఉచితంగా చూసే పద్ధతీ ఉంది. మెహదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. నేను వెళ్ళే చోటి పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది లెన్స్ మీద రివ్యూ. ఎక్కడికి వెళ్ళినా కార్నియా డాక్టర్ ఉన్నారా, కార్నియా మ్యాపు తీస్తారా, లెన్స్ కొలతలకి వేరే మనిషి ఉన్నారా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

లెన్స్ పెట్టుకునే వాళ్ళకి ఇంకోటి. కన్ను ఎర్రబడి, నొప్పి వచ్చి, వెలుతురు చూడలేకపోతే లెన్స్ తీసేసి ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మెడికల్ షాపులో చుక్కలు అడగొద్దు. ఇది గట్టిగా చెప్పడానికి కారణం నల్గొండ దగ్గర మా మేనమామ. వరి కోతల్లో పొట్టు ఎగిరి కంట్లో పడింది. మెడికల్ షాపు వాళ్ళిచ్చిన చుక్కలు వారం వేసుకున్నాడు, అందులో స్టెరాయిడ్ ఉంది. పడింది ఫంగస్. స్టెరాయిడ్ దానికి ఎరువైంది. హైదరాబాద్ తీసుకొచ్చాక, కార్నియా గీకి చూసి ఫంగస్ అని తేల్చి, నాటమైసిన్ చుక్కలు గంటగంటకీ వేయించారు. అత్తయ్య రాత్రిళ్ళు అలారం పెట్టుకుని లేచి వేసింది. కన్ను నిలిచింది కానీ మధ్యలో పువ్వు వేసింది. ఆ కంటికి ఇప్పుడు కార్నియా మార్పిడి ఒక్కటే దారి, అదీ ఎవరో చనిపోయిన వాళ్ళ ఇంట్లో ఆరు గంటలలోపు కళ్ళు ఇవ్వడానికి ఒప్పుకుంటేనే. నాకు లెన్స్ సరిపోయింది. ఆయనకి ఆ అవకాశం లేకపోయింది.

పోయిన నెల మా అన్నయ్య కొడుకు సెలవులకి వచ్చాడు. పద్నాలుగేళ్ళు. టీవీ చూస్తూ పిడికిలితో కన్ను నలుపుకుంటున్నాడు, అచ్చం నేను చేసినట్టే, కణుపులు లోపలికి పెట్టి. వాడి అద్దాల చీటీలు తెప్పించి చూస్తే ఏడాదిలో సిలిండర్ రెండుసార్లు మారింది. మర్నాడే మెట్రోలో తీసుకెళ్ళి మ్యాపు తీయించాను. ఎడమ కంట్లో కింది వైపు చిన్న ఎర్రటి మచ్చ మొదలైంది. మందం ఇంకా 500 పైనే ఉంది. దురదకి చుక్కలు రాశారు, నలపొద్దన్నారు, దసరా సెలవుల్లో సీ-త్రీ-ఆర్‌కి తేదీ ఇచ్చారు. వచ్చేటప్పుడు రైల్లో, "అత్తా, ఆ పసుపు చుక్కలు మండుతాయా?" అని అడిగాడు. చుక్కలు మండవు, తర్వాత మూడు రోజులు మండుతుంది, ఆ మూడు రోజులూ నేను మీ ఇంట్లోనే ఉంటాను అని చెప్పాను.